పరిమాణం పెరగని డేటాబేస్: ఏది మరవాలో తొలిరోజే నిర్ణయం

నెట్‌వర్క్ రద్దీ, సర్వర్ల ఉష్ణోగ్రత, డిస్కుల్లో మిగిలిన ఖాళీ వంటి కొలతలు రాత్రింబవళ్లు నమోదవుతూనే ఉంటాయి. అయిదు నిమిషాలకు ఒకసారి తీసుకునే ఒకే ఒక్క కొలత రోజుకు 288 విలువలను, రెండేళ్లలో 2,10,240 విలువలను పోగు చేస్తుంది. వందలాది పరికరాలు, ఒక్కోదానికి పదుల కొలతలు ఉన్నచోట ఈ రాశి అదుపు తప్పుతుంది. చివరకు ఇతర యంత్రాలను కనిపెట్టుకొని ఉండవలసిన వ్యవస్థే డిస్కు నిండి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ చిక్కుకు విరుగుడుగా వచ్చినదే స్థిర పరిమాణ డేటాబేస్.

నేపథ్యం

1994లో బ్రిటన్‌లోని లెస్టర్ నగరంలో డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన వెయ్యికి పైగా కంప్యూటర్లకు 64 కిలోబిట్ల ఇంటర్నెట్ లైను ఒక్కటే ఆధారం. దాని రద్దీని అందరికీ చూపేందుకు టోబియాస్ ఓటికర్ రూపొందించిన ప్రోగ్రామే ఎంఆర్‌టీజీ. అందులోని నిల్వ విధానాన్ని విస్తరించి 1999లో ఆయన ఆర్‌ఆర్‌డీటూల్‌ను విడుదల చేశారు. కాక్టై, మునిన్ వంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు దీనినే ఆధారం చేసుకున్నాయి.

పనితీరు

తెలుగు సంవత్సరాలు ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవకు వచ్చినట్లే, ఈ డేటాబేస్‌లోని గళ్లు కూడా చక్రంలా తిరుగుతాయి. చివరి గడి నిండగానే కొత్త విలువ అన్నింటికంటే పాతదాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఫైలు సృష్టించిన రోజున ఎంత పరిమాణంలో ఉంటుందో పదేళ్ల తరువాతా అంతే ఉంటుంది.

అయితే పాత సమాచారం పూర్తిగా చెరిగిపోదు. ఒకే ఫైలులో అనేక ఆర్కైవ్‌లు ఉంటాయి. ఉదాహరణకు అయిదు నిమిషాల విలువలను 2 రోజులు, అరగంట సగటులను 14 రోజులు, రెండు గంటల సగటులను 60 రోజులు, రోజువారీ సగటులను 730 రోజులు ఉంచాలనుకుంటే వరుసగా 576, 672, 720, 730 గళ్లు కావాలి. మొత్తం 2,698 గళ్లు. ఒక్కో విలువకు 8 బైట్ల చొప్పున దాదాపు 21,600 బైట్లు సరిపోతాయి. అన్ని విలువలనూ రెండేళ్లు యథాతథంగా దాచాలంటే దాదాపు 16.8 లక్షల బైట్లు కావాలి.

సగటు దాచే నిజం

ఈ పొదుపుకు మూల్యం ఉంది. సాధారణంగా 10 శాతం వాడుకలో ఉండే లైను ఒక రోజు అయిదు నిమిషాలపాటు 100 శాతానికి చేరిందనుకుందాం. ఆ రోజు సగటు 10.3 శాతమే. ఏడాది తరువాత గ్రాఫు చూసేవారికి ఆ అయిదు నిమిషాల స్తంభన జాడైనా కనిపించదు. లైను సామర్థ్యం పెంచాలా వద్దా అన్న నిర్ణయం అలాంటి గ్రాఫుపై ఆధారపడితే పొరపాటు తప్పదు. అందువల్ల సగటుతో పాటు గరిష్ఠ విలువలకూ ప్రత్యేక ఆర్కైవ్‌లు ఏర్పరచడం అవసరం. పరిమాణం రెట్టింపైనా 43,200 బైట్లను మించదు.

సృష్టించేటప్పుడే గమనించవలసినవి

కొలత అందకపోవడం వేరు, విలువ సున్నా కావడం వేరు. నిర్ణీత గడువులోగా, ఉదాహరణకు 600 సెకన్లలోగా, కొత్త విలువ రాకుంటే ఆ వ్యవధిని ‘తెలియదు’గా నమోదు చేస్తారు. సగటు కట్టేటప్పుడు ఎంత భాగం తెలియకున్నా ఫలితాన్ని అంగీకరించవచ్చో కూడా ముందే చెప్పాలి. సాధారణంగా ఈ హద్దు సగం.

కొలత స్వభావాన్నీ పేర్కొనాలి. ఉష్ణోగ్రతను ఉన్నదున్నట్లు తీసుకోవాలి. నెట్‌వర్క్ పరికరాలు ఇచ్చే బైట్ల లెక్క మాత్రం విద్యుత్ మీటరులా పెరుగుతూ పోతుంది కనుక, రెండు రీడింగుల తేడాను కాలంతో భాగించాలి. 32 బిట్ల లెక్క 4,29,49,67,295 దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. సెకనుకు 100 మెగాబిట్ల లైను పూర్తి వేగంతో నడిస్తే ఇది 344 సెకన్లలోపే జరుగుతుంది. ఒక గిగాబిట్ లైనులో 35 సెకన్లు కూడా పట్టదు. అక్కడ అయిదు నిమిషాలకోసారి చూస్తే లెక్క ఎన్నిసార్లు మొదటికి వచ్చిందో తెలియదు. అందుకే 64 బిట్ల లెక్కను వాడాలి.

గళ్ల సంఖ్యను తరువాత పెంచుకునే వీలుంది. కానీ సగటులో కలిసిపోయిన వివరం తిరిగి రాదు. కాబట్టి ఏడాది తరువాత ఏ ప్రశ్నకు జవాబు కావలసి వస్తుందో ఆలోచించాకే డేటాబేస్‌ను సృష్టించడం మేలు.