మాట నిలిస్తే.. మగ్గం ఆగదు

గడువు, కబురు, లెక్క.. ఒప్పంద పనులకు ఇవే ఊతం

గూడూరు: నేతలో నైపుణ్యం ఉన్నవారందరికీ పని దొరకడం లేదు. దొరికిన వారందరికీ రెండోసారి దక్కడం లేదు. ఒకే వీధిలో, ఒకే రకం చీర నేసే రెండిళ్లలో ఒక మగ్గం ఏడాది పొడవునా ఆడుతుంటే, మరొకటి పడుగు కోసం ఎదురుచూస్తుంటుంది. లోపం ప్రతిసారీ చేతిపనిలోనే ఉండదు. చెప్పిన గడువుకు అప్పగించడం, అడిగిన వెంటనే సమాధానమివ్వడం, సరుకు లెక్క తేటగా చూపడం.. పనిని మళ్లీ గడప దాకా తెచ్చేవి ఇవే.

గూడూరు, కోడుమూరు, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో చాలా కుటుంబాలు మజూరీ పద్ధతిలో నేస్తున్నాయి. మాస్టర్ వీవర్ పడుగు, పేక, జరీ, డిజైను ఇస్తారు. నేత కార్మికుడు చీరలు నేసి అప్పగించి, ఒప్పుకున్న మజూరీ తీసుకుంటాడు. నగరాల్లో ఫ్రీలాన్స్ అంటున్న పని స్వభావమూ ఇదే. నెల జీతం ఉండదు. ఒక పని ముగిసేలోగా మరొకటి సిద్ధంగా లేకుంటే ఆ నడుమ రోజులన్నీ ఆదాయం లేనివే. ఆదోని పత్తి మిల్లుల్లో మరమ్మతులు చేసే వెల్డర్లకు, ఎలక్ట్రీషియన్లకు, ఊళ్లలో దర్జీలకు, పెళ్లి పందిళ్లు వేసేవారికి సైతం ఇదే సూత్రం వర్తిస్తుంది.

గడువు చెప్పేముందే లెక్క

చీరలకు గిరాకీ శ్రావణమాసంలోనూ, పెళ్లి ముహూర్తాల్లోనూ అధికం. అదను దాటి చేరిన చీర ఎంత అందంగా ఉన్నా దుకాణం అరలోనే ఉండిపోతుంది. మాస్టర్ వీవర్ పెట్టుబడి అందులో చిక్కుకుంటుంది. మరుసటి పడుగు వేరే ఇంటికి వెళ్తుంది. పని చేజారుతుందనే భయంతో సాధ్యంకాని గడువుకు తలూపడంతోనే ఈ చిక్కు మొదలవుతుంది.

గుంతమగ్గాల ఇళ్లలో వర్షాలకు నీరు ఊరి పని ఆగిపోవడం కొత్త కాదు. ఇంట్లో జ్వరాలు, శుభకార్యాలు, పడుగు అతుకుకు పట్టే సమయం.. వీటన్నింటినీ ముందే లెక్కలో వేసుకోవాలి. పన్నెండు రోజుల పనికి పది రోజులు చెప్పి పన్నెండో రోజున ఇచ్చినవారు ఆలస్యం చేసినవారవుతారు. పదిహేను చెప్పి పద్నాలుగో రోజున ఇచ్చినవారు మాట నిలబెట్టుకున్నవారవుతారు. రెండు రోజులు ఎక్కువ పట్టినా నమ్మకం రెండోవారికే దక్కుతుంది. చేతినిండా పని ఉన్నప్పుడు కొత్తది ఒప్పుకోలేమని చెప్పడమూ మర్యాదే.

ఆలస్యాన్ని దాచొద్దు

పని ఇచ్చినవారిని ఆలస్యం కన్నా మౌనమే ఎక్కువ నొప్పిస్తుంది. గడువు తప్పుతుందని తెలిసిన రోజునే కబురు పంపితే వారు దుకాణదారుతో మాట్లాడుకుంటారు, లేదా కొంత పనిని మరో మగ్గానికి మారుస్తారు. గడువు రోజున ఫోన్ ఎత్తకపోతే ఆ దారులన్నీ మూసుకుపోతాయి.

రంగు నూలు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒక విడతలో అద్దిన రంగు మరో విడతలో అచ్చంగా కుదరకపోవచ్చు. నూలు చాలదని తోచినప్పుడు చివరి చీర వరకు ఆగకుండా ముందే తెలపాలి. అంచులో గానీ కొంగులో గానీ సందేహం వస్తే ఫొటో తీసి వాట్సప్‌లో పంపి, సరేనన్నాకే ముందుకు సాగాలి. మూరెడు నేత విప్పడం కన్నా గంటసేపు ఆగడం మేలు.

తూకంలో తేట

పట్టునూలు, జరీ ఖరీదైనవి. తీసుకునేటప్పుడు, అప్పగించేటప్పుడు ఇరుపక్షాల ఎదుటే తూచి పుస్తకంలో రాసుకుంటే అనుమానానికి తావుండదు. మిగిలిన నూలును అడగకముందే తిరిగివ్వాలి. అడ్వాన్సు, మజూరీ, కోతలు కూడా అదే పుస్తకంలో తేదీలతో ఉండాలి. నోటి లెక్కతో పెరిగిన అడ్వాన్సు నేతన్నను ఒకే గడపకు కట్టిపడేస్తుంది. రాతకోతలు పని ఇచ్చినవారికే కాదు, చేసేవారికీ రక్ష.

ఎమ్మిగనూరు చెప్పే పాఠం

మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఒంటరి నేత కార్మికుడు ఒకే కొలత, ఒకే నాణ్యతతో వందల దుప్పట్లను గడువుకు ఇవ్వలేడు. పలు మగ్గాలు ఒక పద్ధతికి కట్టుబడితేనే పెద్ద ఆర్డరు అందుతుంది. నేడు నాలుగైదు కుటుంబాలు కలిసి పని పంచుకోవాలన్నా ఇదే మార్గం. నమూనా ఒకటే, కొలత ఒకటే, కొనుగోలుదారుతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి.

సొమ్ముకూ గడువుంది

పనివారు మాట తప్పకూడదన్నట్లే, పని చేయించుకున్నవారూ చెల్లింపులో మాట తప్పకూడదు. ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఈ రక్షణ కల్పిస్తోంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా చెల్లించాలి. అది 45 రోజులకు మించకూడదు. ఒప్పందం లేకుంటే 15 రోజుల్లోగా ఇవ్వాలి. జాప్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. అయితే పని ఎప్పుడు అప్పగించారో చూపే కాగితం లేకుంటే హక్కును నిరూపించుకోవడం కష్టం.

ఇవి మరవొద్దు

* ఒప్పుకునే ముందే కొలత, రంగు, గడువు, ధర రాసుకోవాలి.
* పని సగానికి చేరాక అడగకున్నా ఒక కబురు పంపాలి.
* లోపం కనిపిస్తే కొనుగోలుదారు చెప్పకముందే చెప్పాలి. సరిదిద్దే రోజు కూడా తెలపాలి.
* అప్పగించిన తేదీతో సంతకం తీసుకోవాలి.
* బాకీ అడిగేటప్పుడు కాగితం చూపి మర్యాదగా అడగాలి. మాట తూలితే బాకీతో పాటు మరుసటి పడుగూ పోయే ప్రమాదముంది.