తామర మందు ఎక్కడ ఆగాలి?

పుత్తూరు అనగానే ఎముకల కట్టు గుర్తొస్తుంది. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన బిగుతుగా గుడ్డ. ఇలాంటి ఏ కట్టు కిందనైనా చర్మం గాలాడక చెమ్మగిల్లుతుంది. చెమ్మ తగిలిన చర్మంలోకి మందు తేలిగ్గా దిగుతుంది. కానీ తామర తెచ్చే శిలీంధ్రానికీ ఆ చెమ్మే కావాలి. ఎండాకాలం చెమటకు తడిసే గజ్జల్లో, చంకల్లో తామర ముదిరేది అందుకే.

తామరకు మందులు కరువు కాదు. వాటిని చర్మంలోకి పంపడమే కష్టం. చర్మం పైపొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే అయినా, చచ్చిన కణాలు ఇటుకల్లా, మధ్యలో కొవ్వు సున్నంలా అమరిన గోడ అది. అణుభారం 500 డాల్టన్లు మించిన అణువులు దాన్ని దాటడం కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే పరిశోధకులు చెప్పారు. తామర మందుల్లో క్లోట్రిమజోల్ అణుభారం 345; ఇట్రాకొనజోల్‌ది 705. పైగా రెండోది నీళ్లలో దాదాపు కరగదు. కరగని పలుకులు చర్మం మీదే ఉండిపోతాయి. పోనీ నూనెలో బాగా కరిగిద్దామా అంటే, మందు ఆ నూనెనే అంటిపెట్టుకుని చర్మంలోకి రానంటుంది.

అందుకే మందును అతి సన్నని నూనె బిందువుల్లో నింపే మైక్రోఎమల్షన్లు, కొవ్వు పొరలతో చేసిన లైపోజోములు వచ్చాయి. లైపోజోముల తరహాలోనే చేసే ఇథోజోముల్లో 20 నుంచి 45 శాతం ఆల్కహాల్ కలుపుతారు. అది చర్మంలోని కొవ్వును సడలించి దారి ఇస్తుంది.

ఫార్మసీ కాలేజీల్లో వీటిని ఫ్రాంజ్ సెల్‌లో పరీక్షిస్తారు. చర్మం ముక్కపై మందు పూసి, కింది ద్రవంలోకి ఎంత దిగిందో కొలుస్తారు. తామర విషయంలో ఆ లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. ఈ శిలీంధ్రం తినేది చర్మంలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను. కాపురం ఉండేది పైపొరలోనే. కిందికి జారిపోయిన మందు వృథా. పైపొరలో ఎంత నిలిచిందన్నదే అసలు కొలత.

మంచి క్రీము కూడా సగంలో ఆపేస్తే పనిచేయదు. మచ్చ అంచు దాటి పూయాలి, మచ్చ పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. దురద తగ్గిస్తాయి, తామరను ముదరబెడతాయి. డాక్టరు రాయనిదే వాటిని కొనకండి.