సముద్రం కూడా అమానతే: మిసాలీ జాలరుల అనుభవం

తూర్పు ఆఫ్రికా తీరాన, భూమధ్యరేఖకు సుమారు 5 డిగ్రీల దక్షిణాన పెంబా ద్వీపమున్నది. టాంజానియాలోని జాంజిబార్‌కు చెందిన ఈ ద్వీపవాసులు స్వాహిలీ మాట్లాడుతారు. దాదాపు అందరూ ముస్లిములే. లవంగం తోటలు, చేపల వేట వీరి ముఖ్య జీవనాధారాలు. పెంబాకు పడమట మిసాలీ అనే దీవి ఒకటి ఉన్నది. దాని వైశాల్యం ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. అయినా దాని చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు వందలాది జాలరి కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి.

ఆ పేరు వెనుక ఒక గాథ ఉన్నది. హజ్రత్ ఖిజ్ర్ (అ) ఒకనాడు అక్కడికి వచ్చి నమాజు కొరకు జానమాజ్ అడిగారట. జాలరుల వద్ద లేకపోయింది. ఈ దీవి ఖిబ్లా వైపు తిరిగి ఉన్నది గనుక ఇదే జానమాజ్ అని ఆయన అన్నారట. స్వాహిలీలో జానమాజ్‌ను 'మ్సాలా' అంటారు. ఇది జనశ్రుతియే గాని హదీసు కాదు, ప్రమాణంగా తీసుకోనవసరం లేదు. కాని ఆ జనం దీవిని ఏ దృష్టితో చూస్తారో దీనివల్ల తెలుస్తుంది. 1990ల ఆరంభంలో దానిని పర్యాటకుల హోటలుకు అప్పగించే ప్రయత్నం జరిగినప్పుడు అడ్డుపడినవారు జాలరులే.

మరి ఆ జాలరులలోనే కొందరు సముద్రంలో డైనమైటు పేల్చారు. పేలుడు వత్తిడికి చేప కడుపులోని గాలితిత్తి పగిలిపోతుంది. చచ్చిన చేపల్లో చాలా భాగం తేలక అడుగుకు పోతాయి. చేతికి దొరికేది కొంతే. అంతకన్నా పెద్ద నష్టం దిబ్బకు. పగడం వట్టి రాయి కాదు, అసంఖ్యాకమైన చిన్న ప్రాణుల నివాసం. గుండ్రాళ్ళవంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు మేరకే పెరుగుతాయి. తాతముత్తాతల నాటి దిబ్బ ఒక్క క్షణంలో ముక్కలవుతుంది. ఉష్ణమండలపు నీలి సముద్రం చూడటానికి సంపన్నంగా ఉన్నా, ఆ నీటిలో పోషకాలు తక్కువ. అటువంటి ఎడారిలో పగడపు దిబ్బ ఒయాసిస్సు వంటిది. చేపపిల్లలు దాక్కునేదీ, మేసేదీ దాని సందుల్లోనే.

1998లో జాంజిబార్ ప్రభుత్వం మిసాలీని, దాని చుట్టుపట్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఒక చిన్న భాగంలో వేటను పూర్తిగా నిషేధించి, మిగిలిన చోట్ల హాని లేని పద్ధతులను అనుమతించింది. ఉత్తర్వు వెలువడింది సరే, రాత్రివేళ పడవ వేసుకొని పోయేవాణ్ణి ఎవరు చూస్తారు?

1999లో బ్రిటన్‌కు చెందిన ఒక ఇస్లామీయ పర్యావరణ సంస్థ స్థాపకులు ఫజ్లున్ ఖాలిద్ అక్కడ శిక్షణ తరగతులు నిర్వహించారు. అక్కడ చెప్పినవి కొత్త మాటలు కావు. సముద్రం నుండి తాజా మాంసం లభించడాన్ని దైవానుగ్రహంగా పేర్కొనే సూరా అన్నహ్ల్, నేలపైనా నీటిలోనూ పుట్టే ఫసాద్‌ను మానవుల చేతలతో ముడిపెట్టే సూరా అర్రూమ్ ఆ జాలరులకు చిన్ననాటి నుండి పరిచితమే. వాటిని తమ వలకూ పడవకూ అన్వయించుకోవడమే కొత్త. కొంత భాగాన్ని మూసివేయడం కూడా పరాయి ఆలోచన కాదు. దైవప్రవక్త (స) మదీనా చుట్టూ హరమ్‌ను నిర్ణయించి, అందులో వేటనూ చెట్లు నరకడాన్నీ నిషేధించారు. 'హిమా' పేరిట పచ్చిక భూములను రక్షించిన సంప్రదాయం కూడా ఉన్నది. మనిషి యజమాని కాదు, ఖలీఫా మాత్రమే అన్న విషయం మస్జిదులో ఇమాము నోట వినడానికీ, అధికారి నోట వినడానికీ చాలా తేడా ఉన్నది.

అయితే బోధ ఒక్కటే అంతా చేసిందనడం అతిశయోక్తి. కావలి పడవలూ అవసరమయ్యాయి. పైగా, మూసిన భాగంలో నిన్నటి వరకు వల వేసినవాడి పొయ్యి రేపు ఎలా వెలగాలి? ఈ ప్రశ్నకు ఖుత్బాలో జవాబు దొరకదు. పర్యాటకుల ప్రవేశ రుసుములో కొంత జాలరులకు చెందేలా ఏర్పాటు చేసినది అందుకే. 2005లో పెంబా పశ్చిమ తీర సముద్రాన్నంతటినీ రక్షిత ప్రాంతంగా ప్రకటించి మిసాలీని అందులో చేర్చారు. దానితో కావలి కాయవలసిన నీరు ఎన్నో రెట్లు పెరిగింది.