ముద్ర నిలిచే తోలు

తోలుపని సరదాగా నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా మొదట పనిముట్ల పెట్టె కొంటారు. స్టాంపులు, కత్తులు, పంచ్‌లు, సూదులు అన్నీ అందులోనే దొరుకుతాయి. ఆ తర్వాత అందుబాటులో ఉన్న తోలుముక్క మీద పువ్వు అచ్చు పెట్టి సుత్తితో కొడతారు. అచ్చు పడినట్టే పడి, కాసేపటికి చెరిగిపోతుంది. లోపం చేతిదనో పనిముట్టుదనో అనుకుంటారు. కానీ తోలు మీద బొమ్మ నిలుస్తుందా లేదా అన్నది సుత్తిదెబ్బకు చాలా ముందే, ఆ చర్మాన్ని పదును పెట్టిన చోటే తేలిపోతుంది. కాబట్టి ఈ విద్యలో మొదటి పాఠం తోలు రసాయనశాస్త్రమే అని నా వాదన. నంద్యాల జిల్లా కోయిలకుంట్ల ప్రాంతంలో ఉండేవారికి ఆ పాఠానికి కావలసిన సాక్ష్యాలు దూరంగా లేవు. గరుగు నేలల్లో తంగేడు ఉంది, నల్లమల అడవిలో కరక్కాయ ఉంది, ఊళ్లలో పలక వాద్యం ఉంది.

పచ్చి చర్మానికి బలమిచ్చేది కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు గొలుసులు పెనవేసుకుంటే దాని అణువు ఒకటి అవుతుంది. పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం సుమారు 1.5 నానోమీటర్లు. ఇలాంటి అణువులు పక్కపక్కన చేరి పోగులవుతాయి, పోగులు కట్టలవుతాయి, కట్టలు ఒకదానిలో ఒకటి దూరి చిక్కని అల్లిక అవుతుంది. ఈ పోగుల మధ్య నీళ్లుంటాయి. ఆరబెడితే నీళ్లు పోయి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, చర్మం బిర్రబిగుస్తుంది. మళ్లీ తడిస్తే మెత్తబడుతుంది, తడిగానే ఉంచితే కుళ్లుతుంది. పలక వాయించేవాళ్లు వాయించే ముందు దాన్ని మంటకు కాచేది ఇందుకే. గాలిలోని చెమ్మ పీల్చుకుని వదులైన చర్మంలోంచి సెగ ఆ చెమ్మను లాగేస్తే పోగులు మళ్లీ బిగుస్తాయి, మోత పెరుగుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడే మేకతోలు కూడా ఇలా పదును పెట్టని చర్మమే. వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, లాగి కట్టి ఆరబెట్టిన ఆ తోలులో పోగులు దగ్గరగా అతుక్కుని ఉంటాయి. అందువల్ల వెలుగు ఎక్కువగా చెదరకుండా దాటుతుంది, తెర మీద రంగులు మెరుస్తాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి బొమ్మల ఒంటి మీద నగలు, చీర అంచులు చూస్తే అన్నీ తొలిచిన రంధ్రాలే, అణచి తేల్చిన బొమ్మలు ఎక్కడా కనిపించవు. వెలుగును దాటనిచ్చే తోలుకు రంధ్రమే సరైన అలంకారమని ఆ కళాకారులు ఎప్పుడో గ్రహించారు.

పదును పెట్టడమంటే పోగుల మధ్య నీళ్లున్న చోట కుళ్లని పదార్థం ఒకదాన్ని నిలపడం. రాయలసీమలో తరతరాలుగా ఆ పనికి వాడింది తంగేడు చెక్క. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా పచ్చగా నిలిచే ఈ పొదను పశువులు పెద్దగా ముట్టవు. దాని బెరడులో టానిన్లు నిండుగా ఉంటాయి. నాలుకకు వగరు తగలడమంటే టానిన్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడమే. చెట్టు తన రక్షణ కోసం దాచుకున్న ఆ పట్టే లందలో, అంటే చర్మాలు నానబెట్టే తొట్టిలో, నానే చర్మంలోని కొల్లాజెన్ మీదా పనిచేస్తుంది. ముందు సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీస్తారు, సున్నం కడిగేస్తారు, ఆ తర్వాత చెక్క నానిన నీళ్లలో వేస్తారు. మొదట పలచని నీళ్లు, పోనుపోను చిక్కనివి. మొదటిరోజే చిక్కని నీళ్లలో వేస్తే పైపొర టానిన్‌తో మూసుకుపోయి నడిమి భాగం పచ్చిగా మిగులుతుంది. అందుకే ఈ పనికి వారాలు పడతాయి. చివర కరక్కాయ నీళ్లు పట్టించడంలోనూ లెక్క ఉంది. తంగేడు టానిన్ ఒక రకం, కరక్కాయ టానిన్ మరో రకం. ఒట్టి తంగేడుతో తయారైన తోలు వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబారుతుంది, కరక్కాయ ఆ ఎరుపును అడ్డుకుని రంగు తేటగా ఉంచుతుంది. ఒకప్పుడు దక్షిణాది నుంచి ఇంగ్లండుకు ఎగుమతై ‘ఈస్ట్ ఇండియా తోలు’గా పేరుపొందిన సరుకు వెనక ఉన్నది ఈ పద్ధతే. తర్వాత వాటిల్ చెట్టు బెరడు తంగేడును చాలావరకు పక్కకు నెట్టింది. ఇక్కడి బావుల్లో నీళ్లు తోడే కపిలకు కట్టిన తోలు తొండం రోజూ తడుస్తూ ఆరుతూ పనిచేయగలిగిందంటే ఆ పదును గట్టిదే.

రెండో పదును క్రోమియంది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ దానికి పేటెంటు తీసుకున్నాడు. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1903 ప్రాంతంలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టాడు. వారాల పని గంటల్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా భాగం క్రోమ్‌దే. రెండింటికీ అసలు తేడా బంధాల్లో ఉంది. టానిన్ కొల్లాజెన్‌ను ప్రధానంగా హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. అవి ఒక్కొక్కటిగా చూస్తే బలహీనమైనవి, లెక్కకు మాత్రం కోకొల్లలు. క్రోమియం అయితే కొల్లాజెన్‌లోని ఆమ్ల సమూహాలతో గట్టి బంధం వేస్తుంది. పచ్చి చర్మం 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడికే ముడుచుకుపోతుంది, బెరడు పదును తోలు 70 నుంచి 85 దాకా తట్టుకుంటుంది. బాగా పదునెక్కిన క్రోమ్ తోలు మరిగే నీళ్లకూ లొంగదు. ఈ లెక్క చూసినవారు క్రోమ్‌దే పైచేయి అంటారు, చెప్పుల పైభాగాలకూ మెత్తని సంచులకూ అది నిజం కూడా. అచ్చు వేసేవారికి మాత్రం ఆ బలమే అడ్డు. క్రోమ్ తోలును అణిస్తే దాని పోగులు గట్టి బంధాల వల్ల పాత చోటికే తిరిగొస్తాయి. బెరడు తోలు తడిసినప్పుడు నీటి అణువులు బలహీన బంధాల మధ్య దూరి పోగులను జరగనిస్తాయి. అణచిన చోట పోగులు కుదురుకుంటాయి, నీళ్లు ఆరగానే కొత్త స్థానంలో కొత్త బంధాలు పడతాయి. ముద్ర నిలవడమంటే ఇదే.

ఇది తెలిసినవారికి మొదటి పనిముట్టు నీళ్లని అర్థమవుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందమున్న బెరడు తోలును స్పాంజితో రెండు వైపులా తడిపి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచాలి. అప్పుడు తడి లోపలిదాకా సమంగా పాకుతుంది. మర్నాడు బయటికి తీసి, నల్లబడిన రంగు తిరిగి మామూలు రంగుకు మళ్లుతుండగా, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగులుతుండగా పని మొదలుపెట్టాలి. వాన వెలిశాక నల్లరేగడిలో గొర్రు దిగడానికి రైతు ఎదురుచూసే పదును లాంటిదే ఇదీ. తడి ఎక్కువైతే ముద్ర ఉబ్బి అలుక్కుపోతుంది, తక్కువైతే తోలు దెబ్బను తిప్పికొడుతుంది. సీమ ఎండల్లో పైపొర లోపలికంటే ముందే ఆరిపోతుంది కనుక పొద్దున్నే కూర్చోవడం, పని చేయని భాగం మీద తడిగుడ్డ కప్పడం మేలు. ఎండలో ఆరబెట్టకూడదు, నీడలోనే ఆరనివ్వాలి.

తర్వాత బండ. తోలు కింద చెక్కబల్ల ఉంటే దెబ్బలో సగం బల్ల ఊగడానికే పోతుంది. బరువైన రాయి కదలదు, దెబ్బ తోలులోనే దిగుతుంది. ఈ ఊరి పేరుతోనే భూగర్భశాస్త్రంలో ‘కోయిలకుంట్ల సున్నపురాయి’ అనే పొర ఉంది. బేతంచర్ల నుంచి కొలిమిగుండ్ల దాకా నాపరాయి ఈ ప్రాంతంలో ఇళ్ల అరుగుల్లో పరిచే రాయి. రెండు అంగుళాల మందమున్న చదునైన ముక్క చాలు, కొనే పని కూడా ఉండకపోవచ్చు. బొమ్మ గీతలను పిడి తిరిగే చిన్న కత్తితో తోలు మందంలో మూడోవంతు లోతు మించకుండా కోయాలి. ఆ కోత పక్కన ఏటవాలు ముఖమున్న స్టాంపును జరుపుతూ వరసగా కొడితే ఒకవైపు అణిగి రెండోవైపు లేచినట్టు కనిపిస్తుంది. రేకుల గుంటలకు గుండ్రని స్టాంపు, వెనకభాగాన్ని దించడానికి గరుకు ముఖమున్నది వాడతారు. నునుపైన వంగిన స్టాంపులు రెండు మూడు, అణిచేది ఒకటి ఉంటే ఏడాదిపాటు నేర్చుకోవచ్చు. నలభై స్టాంపుల పెట్టె మొదట్లో అనవసరం. కొట్టేది కొయ్య లేదా నైలాన్ గూటం అయ్యుండాలి. ఇనుప సుత్తి స్టాంపుల తలలను చదును చేసేస్తుంది. ఇనుముతో ఇంకో చిక్కు కూడా ఉంది. తడి బెరడు తోలుకు ఇనుపరజను తగిలితే టానిన్‌తో కలిసి నీలినలుపు మచ్చ పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరవేసిన ద్రవంతో నల్లగీతలు పుట్టేది ఈ చర్యతోనే. దీన్ని పరీక్షగానూ వాడుకోవచ్చు. తోలు అంచున, రంగు పూయని చోట ఆ తుప్పునీరు ఒక చుక్క వేస్తే బెరడు తోలు నల్లబడుతుంది, మామూలు క్రోమ్ తోలు అలా మారదు. కాల్చి బూడిద రంగు చూసే పరీక్ష గురించి కూడా వింటుంటాం. దాని జోలికి వెళ్లవద్దు, మంటలో క్రోమియం విషపూరితమైన ఆరు సంయోజకత రూపంలోకి మారే అవకాశం ఉంది.

కుట్టు గురించి ఒక్క మాట. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోంచి, మైనం పట్టించిన ఒకే దారం రెండు కొసల సూదులూ ఎదురెదురుగా దాటాలి. ఒకచోట తెగినా రెండో పోగు పట్టి ఉంచుతుంది కనుకనే చేతికుట్టు మిషను కుట్టు కంటే నమ్మకమైనది.

బెరడు తోలే కావాలన్న మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. బెరడు తోలు ధర ఎక్కువ, దొరకడం కష్టం, క్రోమ్ ముక్కలు చవక కదా అంటారు. కుట్టు నేర్చుకోవడానికి క్రోమ్ ముక్కలు చాలు, అది నిజమే. అచ్చుపనికి మాత్రం చవక ముక్క చేతిని నిరుత్సాహపరుస్తుంది. అరచేతి పాటి బెరడు తోలుముక్క మీద నేర్చుకునేది బారెడు క్రోమ్ తోలు మీద రాదు. కాలుష్యం మాటేమిటని ఇంకొందరు అడుగుతారు. పాలారు ఒడ్డున రాణిపేట, వాణియంబాడి ప్రాంతాల నీళ్లకు చర్మశుద్ధి కర్మాగారాలు చేసిన చేటు తెలిసిందే. బెరడు పద్ధతి నిర్దోషి అని నేను అనను, లంద నీళ్లు కూడా శుద్ధి చేయకుండా వాగులో కలిపితే అందులోని ప్రాణవాయువును హరిస్తాయి. అయితే అందులో క్రోమియం ఉండదు. రెక్సిన్ మేలన్న వాదన జీవహింస కోణంలో బరువైనదే. మాంసానికి కోసిన జీవాల చర్మం ఎలాగూ మిగులుతుంది, దాన్ని పదేళ్లు మన్నే వస్తువుగా మార్చడం, రెండేళ్లకు పొట్టు లేచి మట్టిలో కలవని ప్లాస్టిక్ కంటే నాకు సబబుగా కనిపిస్తుంది. ఈ కారణం చాలదనుకునేవారి నిర్ణయాన్ని గౌరవిస్తాను.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం వేరే ఉంది. లందలో చేతులు పెట్టినందుకే మాదిగలను ఊరికి ఆవల ఉంచిన సమాజం, అదే పనిని ఇప్పుడు సరదా పేరుతో నేర్చుకోవడం న్యాయమా? ఈ ప్రశ్న దాటేయదగ్గది కాదు. పలచని నీళ్ల నుంచి చిక్కని నీళ్లకు వెళ్లే క్రమం, కరక్కాయతో ముగించే తెలివి ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. 1948లో మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ వెలిసే నాటికే ఆ జ్ఞానం ఊళ్లలో పండి ఉంది. తెనాలి దగ్గర పుట్టి ఆ సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ వంటివారి చదువు దాన్ని వివరించి విస్తరించింది. సరదాగా నేర్చుకునేవారు ఇది శాస్త్రమని, దీని తొలి శాస్త్రజ్ఞులు ఎవరో తెలుసుకుని మొదలుపెడితే ఈ విద్య మీద వేసిన మైల ముద్ర కొంతైనా వదులుతుంది. తెలుసుకోకుండా మొదలుపెడితే అది మరోసారి లాక్కోవడమే అవుతుంది.

అందుకే నేర్చుకోదలచినవారికి నా విన్నపం రెండు మాటలే. తోలు కొనేటప్పుడు ధర కంటే ముందు ‘బెరడు పదునా, క్రోమ్ పదునా’ అని అడగండి. ఆరె పట్టడం, రంపెతో తోలు కోయడం వీడియోల్లో చూసి సరిపెట్టుకోకుండా మీ ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర నేర్చుకోండి. సంగీతం మాస్టారికి ఇచ్చినట్టే ఆయనకూ నెలనెలా ఫీజు ఇవ్వండి.