చూర్ణం అమ్మే వెబ్‌సైటుకు నాలుగు పాదాలు

తరతరాలుగా ఇంట్లో దంచుకుంటున్న చూర్ణాన్ని నలుగురికీ అందించాలనే సంకల్పం నేడు అనేక కుటుంబాలలో కలుగుతున్నది. వెంటనే వేల రూపాయలు వెచ్చించి వెబ్‌సైటు తయారు చేయిస్తారు. రంగులు మెరుస్తాయి, బొమ్మలు కదులుతాయి. నెలలు గడిచినా కొనేవారు మాత్రం రారు. అప్పుడు ‘15 రోజులలో మధుమేహం మాయం’ వంటి వాక్యాలు అందులోకి చేరుతాయి. వాటిని నమ్మి ఒక రోగి వైద్యుడు రాసిన మాత్రలు మానివేస్తే, ఆ హానిని ఏ లాభమూ పూడ్చలేదు. కాబట్టి మార్కెటింగ్ శాస్త్రం నిజంగా ఏమి చెబుతున్నదో ముందుగా తెలుసుకోవడం శ్రేయస్కరం.

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. అమెరికాకు చెందిన ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో ప్రచురించిన గ్రంథంలో మార్కెటింగ్‌కు కూడా నాలుగు అంగాలు చెప్పాడు: వస్తువు, ధర, స్థలం, ప్రచారం. వీటన్నిటికీ నడుమ కొనుగోలుదారుని నిలిపాడు. మనలో చాలామంది నాలుగవదానినే మార్కెటింగ్ అనుకొని, తక్కిన మూడింటినీ విస్మరిస్తున్నారు. త్రిఫలా చూర్ణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ అంగాలను పరిశీలిద్దాం.

ముందు నిదానం

రోగిని పరీక్షించనిదే మందు ఇవ్వరాదు. అట్లే, కొనేవారెవరో నిర్ణయించుకోనిదే ఒక్క పేజీ కూడా రాయరాదు. మలబద్ధకంతో బాధపడే వృద్ధుడు అడిగే ప్రశ్న వేరు, తల్లికోసం వెదికే ఉద్యోగిని అడిగే ప్రశ్న వేరు. ఇదివరకు మీవద్ద చూర్ణం తీసుకున్నవారు తరచుగా అడిగిన పది ప్రశ్నలను కాగితం మీద రాసుకోండి. మీ వెబ్‌సైటుకు అదే పునాది.

వస్తువు

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ ఏ పాళ్ళలో కలిశాయి, ఎప్పుడు తయారైంది, ఎంతకాలం నిలుస్తుంది, ఏ అనుపానంతో పుచ్చుకోవాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. ఎవరు వాడరాదో చెప్పడం మరింత ముఖ్యం. గర్భిణులు, విరేచనాలతో బాధపడేవారు, ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదని పెద్ద అక్షరాలతో రాయండి. దీనివల్ల కొందరు వెనుదిరిగినా, మిగిలినవారికి మీపై గురి కుదురుతుంది. ఔషధంగా అమ్మే చూర్ణానికి 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం తయారీ లైసెన్సు అవసరం. ఆ సంఖ్యను కూడా చూపండి.

ధర

తూకం, ధర, పంపే ఖర్చు ఒకేచోట కనబడాలి. తొలుత తక్కువ ధర చూపి, చివర డబ్బు చెల్లించేటప్పుడు అదనపు ఖర్చులు కలపడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, నిల్వ ఉండగానే అయిపోవచ్చినదని తొందరపెట్టడం వంటి పోకడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి.

స్థలం

వెనుకటి అంగడి వీధిలో ఉండేది. నేటి అంగడి కొనుగోలుదారుని అరచేతిలోని ఫోనులో ఉన్నది. కనుక పేజీ చిన్న తెరపైనే చక్కగా కనబడాలి, బరువైన బొమ్మలు లేక త్వరగా తెరుచుకోవాలి. తెలుగు వివరాలను బొమ్మలుగా పెట్టక యూనికోడ్ అక్షరాలలోనే ఉంచితే, వెదికేవారికి దొరుకుతాయి. చూపు మందగించినవారు పెద్దవి చేసుకొని చదువుకోగలరు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, ఫిర్యాదులు స్వీకరించే అధికారి వివరాలు తెలపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి.

ప్రచారం

మధుమేహం, క్యాన్సర్, గుండెజబ్బులు, రక్తపోటు, ఊబకాయం మొదలైన వ్యాధులను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం నిషేధిస్తున్నది. వినియోగదారుల పేరుతో ప్రశంసలను తామే రాసుకోవడమూ నియమవిరుద్ధమే. వీటికి బదులు త్రిఫలాలను ఎంచే విధానం, ఎండబెట్టే తీరు, తేమ తగలకుండా భద్రపరిచే పద్ధతి గురించి చిన్న వ్యాసాలు రాయండి. ఉపయోగపడే విషయం చదివినవారు మరొకసారి వస్తారు, నలుగురికి చెబుతారు.

నాడి చూడటం

వెబ్‌సైటు సిద్ధమయ్యాక, దానిని ఎన్నడూ చూడని ఒక పొరుగువారి చేతికి ఫోను ఇచ్చి ధర, వాడే విధానం, సంప్రదించవలసిన నంబరు వెదకమనండి. మీరు మౌనంగా గమనించండి. వారు తడబడినచోటే లోపం ఉన్నది. పిమ్మట ప్రతి నెలా వచ్చినవారు, వివరాలు అడిగినవారు, కొన్నవారు, మళ్ళీ కొన్నవారు ఎందరో లెక్క రాయండి. వచ్చేవారే తక్కువైతే ప్రచారాన్ని, వచ్చి కూడా కొనకపోతే ధరను, వివరణను, ఒకసారి కొని మళ్ళీ రాకపోతే చూర్ణాన్నే పరీక్షించుకోవాలి.

మొదటిసారి కొనేవారిని అందమైన పేజీ ఆకర్షించవచ్చును. రెండవసారి కొనేవారు మాత్రం తమ అనుభవాన్ని మీరు చెప్పిన మాటతో పోల్చి చూసుకొని వస్తారు. ఆ రెండూ సరిపోయేటట్లు రాయడమే ఉత్తమమైన మార్కెటింగ్.