కాలువకు లాకు, ఫోనుకు హద్దు

పిల్లలూ, మీలో ఎవరైనా కాలువ లాకు దగ్గిర నిలబడి చూశారా? గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళను ఈ ప్రశ్న అడగనవసరం లేదు. కాలువకు అటూ ఇటూ రాతి గోడలూ, వాటి మధ్య పెద్ద పెద్ద తలుపులూ ఉంటాయి. తలుపు మూస్తే నీరు నిలుస్తుంది, తెరిస్తే పారుతుంది. ఒకప్పుడు ధాన్యం బస్తాలు వేసుకుని వచ్చే పడవలు ఈ లాకుల్లో ఆగి, నీటిమట్టం సరి అయినాక ముందుకు సాగేవి.

1847లో ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం దగ్గిర గోదావరికి ఆనకట్ట కట్టించటం ఆరంభించాడు. 1852 నాటికి అది పూర్తి అయింది. అంతకు ముందు మన డెల్టా కరువుల పాలైనది గోదావరిలో నీళ్ళు లేక కాదు. ఒక ఏడు వరద వచ్చి ఊళ్ళను ముంచేది. మరొక ఏడు వానలు కురవక పొలాలు బీళ్ళు పడితే, పక్కనే గోదావరి నీరు ఊరికే సముద్రంలో కలిసేది. కాటన్ కొత్తగా నీళ్ళు పుట్టించలేదు. ఉన్న నీటికి హద్దు పెట్టాడు, అంతే. ఆ హద్దే డెల్టాను అన్నపూర్ణను చేసింది.

ఇంతకూ ఈ నెల మనం మాట్లాడుకోబోయేది కాలువల సంగతి కాదు, మన ఇళ్ళలోకి వచ్చిన ఇంకొక ప్రవాహం సంగతి. అది ఫోను.

రామచంద్రపురంలో ఒక ఇంటిని ఊహించుకోండి. ఈ ఇంటిని కల్పించినది నేనే. అయినా ఇటువంటి ఇళ్ళు మన డెల్టాలో నిజంగా చాలా ఉన్నాయి. ఆ ఇంట్లో పన్నెండేళ్ళ కుర్రవాడూ, ఎనిమిదేళ్ళ చెల్లెలూ, ఆటో నడిపే నాన్నా, తాతా, మామ్మా ఉంటారు. తాత ఒకప్పుడు కాలువ మీద లస్కరు పని చేసి మానుకున్నాడు. అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నది. గోదావరి జిల్లాల నుంచి ఇలా గల్ఫు దేశాలకు వెళ్ళిన తల్లులు వేలమంది ఉన్నారు.

వాళ్ళది క్రైస్తవ కుటుంబం. రాత్రి ఎనిమిది గంటలకు చాప పరిచి అందరూ కూచుంటారు. ఒక కీర్తన పాడి, బైబిలు చదివి, ప్రార్థన చేసుకుంటారు. మామ్మ కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఈ కుటుంబ ప్రార్థన ఏనాడూ తప్పలేదు. కాని ఈ మధ్య అందులో ఒక మార్పు వచ్చింది. మామ్మకు కళ్ళు సరిగా ఆనటం లేదని కుర్రవాడు ఫోనులోనే బైబిలు చదువుతున్నాడు. చదువుతూ ఉండగా ఫోను పైభాగాన క్రికెట్ స్కోరు కనిపిస్తుంది. వేలు అటు పోతుంది. నాన్న కళ్ళు మూసుకునే ఉంటాడు, కాని ఆయన జేబులోని ఫోను గుర్రుమంటుంది. చెల్లెలు ఒక కన్ను తెరిచి అందరినీ చూస్తుంది.

ఒక రాత్రి ఏమైందంటే, కుర్రవాడు అన్నం తింటూ చిన్న చిన్న వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఒకటి చూద్దామనుకున్నవాడు ఎన్ని చూశాడో వాడికే తెలియదు. బ్యాటరీ అయిపోయి ఫోను ఆరిపోయింది. వాడు దాన్ని పక్కన పడేసి నిద్రపోయాడు. నాన్న ఫోను ఆ పూట ఆటోలోనే ఉండిపోయింది. తెల్లవారి చూస్తే అమ్మ అయిదుసార్లు పిలిచిన గుర్తులున్నాయి. ఆ రోజు చెల్లెలి పుట్టినరోజు. అమ్మ తన పని అంతా ముగించుకుని, అర్ధరాత్రి దాటగానే కూతురికి అందరికంటె ముందు తానే చెప్పాలని పిలిచింది. ఇటు నుంచి పిలిస్తే అప్పటికి అమ్మ పనిలో ఉన్నది, పలకలేదు. చెల్లెలు ఏడవలేదు. కొత్త గౌను వేసుకోనని మాత్రం అన్నది.

చూశారా? ఆ ఇంటికి ఫోను అంటే ఆట వస్తువు కాదు. అమ్మ ఇంట్లోకి వచ్చే దారి అదొక్కటే. అందుచేత ఫోను చెడ్డది, దాన్ని పారెయ్యండి అని ఆ ఇంటివాళ్ళతో ఎవరూ అనలేరు. కాని ఆ రాత్రి ఆ దారిని మూసింది కూడా ఫోనే!

మరి తెలివిగల కుర్రవాడు ఒక్కటి చూసి ఎందుకు ఆపలేకపోయాడు? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణం వినండి.

అమెరికాలో బి. ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురాలతో ప్రయోగాలు చేశాడు. పెట్టెలో ఒక మీట ఉంటుంది. పావురం దాన్ని ముక్కుతో పొడిస్తే గింజలు పడతాయి. పొడిచిన ప్రతిసారీ గింజలు పడితే పావురం ఆకలి తీరిందాకా పొడిచి ఊరుకునేది. కాని గింజలు ఒకసారి పడి, మరి నాలుగుసార్లు పడక, మళ్ళీ ఎప్పుడు పడతాయో తెలియకుండా ఉంటే, పావురం వదలకుండా పొడుస్తూనే ఉండేది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలా సేపటిదాకా మానేది కాదు. స్కిన్నరూ ఆయన సహచరుడు ఫెర్‌స్టరూ ఈ విషయాల మీద 1957లో పెద్ద గ్రంథమే ప్రచురించారు.

ఫోనులో వీడియోలు కూడా అలాంటి గింజలే. ఒకటి బాగుంటుంది, మూడు బాగుండవు, అయిదోది నవ్విస్తుంది. తరవాతది ఎలా ఉంటుందో తెలియదు కనక వేలు ఆగదు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది. సినిమాకు శుభం కార్డు ఉంటుంది. 2006లో ఏజా రాస్కిన్ అనే ఆయన, కిందికి జరుపుతూ ఉంటే ఎన్నటికీ తరగని పేజీని తయారుచేశాడు. దానికి చివర అనేది లేదు. అది మనుషులను ఇంతగా పట్టి ఉంచుతుందని చూసి, ఆయనే తరవాత విచారించాడు. కనక పిల్లలూ, మీరు ఆపలేకపోతే అది మీ బుద్ధి తక్కువ కాదు. ఆపకుండా ఉండేటట్టు దాన్ని తయారుచేసిన పెద్దవాళ్ళున్నారు. అయితే తలుపు లేని కాలువకు తలుపు పెట్టుకోవలసినది మాత్రం మనమే.

ఇక కళ్ళ సంగతి. మామూలుగా మనం నిమిషానికి పదిహేను సార్ల దాకా రెప్ప వేస్తాం. రెప్ప పడినప్పుడల్లా కన్ను తడి అవుతుంది. తెర వంక చూస్తున్నప్పుడు రెప్పపాట్లు బాగా తగ్గిపోతాయి, కళ్ళు మండుతాయి. అందుకని ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. ఆరుబయట ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే దోషం, తక్కువగా వస్తుంది. ఈ సంగతి గ్రహించి తైవాన్ దేశం 2010 నుంచి బడిపిల్లలను రోజుకు రెండు గంటలు బయట గడపమని ప్రోత్సహిస్తున్నది.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. 1958లో ఏరన్ లెర్నర్ అనే వైద్యుడు మెలటోనిన్ అనే పదార్థాన్ని కనిపెట్టాడు. చీకటి పడగానే మన మెదడులోని పీనియల్ గ్రంథి దీన్ని విడుదల చేస్తుంది. ‘రాత్రి అయింది’ అని ఒంటికంతటికీ చాటింపు వేసేది ఇదే. వెలుగుతున్న ఫోను ముఖానికి దగ్గిరగా పెట్టుకుంటే కన్ను ఇంకా పగలే అనుకుంటుంది, చాటింపు ఆలస్యమవుతుంది.

ఎంతసేపు చూడవచ్చు? మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2022లో ప్రచురించిన సలహా ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు తెర చూపించనే కూడదు. దూరాన ఉన్న అమ్మతోనో, తాతతోనో తెర మీద మాట్లాడటం మాత్రం వేరు సంగతి. రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకు గంటకు మించకూడదు. అయిదు నుంచి పదేళ్ళ వాళ్ళకు రెండు గంటల లోపే, ఎంత తక్కువైతే అంత మంచిది. భోజనం చేస్తున్నప్పుడు వద్దు. పడుకునే ముందు గంటసేపు అసలే వద్దు.

ఇక మళ్ళీ ఆ ఇంటికి వద్దాం. మర్నాడు ఆదివారం. గుడి నుంచి వచ్చి భోజనాలు చేశాక తాత కుర్రవాణ్ణి పిలిచాడు. వాడు చీవాట్లకు సిద్ధపడి వచ్చాడు.

‘‘ఏరా, ఎండాకాలంలో కాలువలు ఎందుకు కట్టేస్తారో తెలుసా?’’ అన్నాడు తాత.

‘‘మరమ్మతులకు, తాతా.’’

‘‘అవును. దాళవా పంట చేతికొచ్చాక కొన్ని వారాలు నీళ్ళు ఆపి, పూడిక తీసి, గట్లు బాగుచేస్తారు. కాలువ మీద కోపంతో కట్టేస్తారా? కాదు. తొలకరికి నీరు చివరి చేను దాకా వెళ్ళాలని కట్టేస్తారు. నేను ముప్పై ఏళ్ళు తూము తలుపులు ఎత్తాను, దించాను. ఎత్తటం ఎంత పనో, దించటమూ అంత పనే.’’

‘‘అయితే నా ఫోను తీసుకుంటావా?’’

‘‘నీ ఒక్కడిదే తీసుకుంటే అది లాకు కాదు, శిక్ష. మీ నాన్నది కూడా తియ్యాలి,’’ అన్నాడు తాత. నాన్న తల గోక్కున్నాడు.

పిల్లలూ, వారానికి ఒక రోజు పని ఆపటమూ, ఈస్టరుకు ముందు నలభై రోజులు ఇష్టమైనది కొంత వదులుకోవటమూ క్రైస్తవులకు ఎప్పటి నుంచో ఉన్న అలవాట్లే. 2009లో ఇటలీలోని మోడెనా నగరపు ఆర్చిబిషప్పు ఆ నలభై రోజులలో వచ్చే శుక్రవారాల్లో ఫోను సందేశాలు మానమని తన వాళ్ళను కోరాడు. 2023లో కేరళలోని కోతమంగలం బిషప్పు కూడా మాంసంతోబాటు ఫోను వాడకాన్నీ, టీవీ సీరియళ్ళనూ తగ్గించుకోమని చెప్పాడు. ఇది ఒక్క మతానికి చెందిన విషయం కూడా కాదు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్గావ్ అనే ఊరున్నది. అక్కడ 2022 నుంచి రోజూ సాయంత్రం ఏడు గంటలకు గుడి మీద సైరన్ మోగేది. ఊరంతా గంటన్నరసేపు టీవీలూ ఫోన్లూ కట్టేసి, పిల్లలు చదువుకునేవారు, పెద్దలు మాట్లాడుకునేవారు.

మన వైపు క్రైస్తవుల చరిత్రలో ఇంకొక ముచ్చట ఉన్నది. థామస్ గేబ్రియల్ అనే తెలుగువాడు తంతి శాఖలో ఉద్యోగం చేసేవాడు. ఆ కాలానికి తంతి అంటే ఇప్పటి ఫోనంత వింత. ఆయన ఆ ఉద్యోగం వదిలి, మనుషుల దగ్గిరికి నడిచి వెళ్ళి ఎదురుగా కూచుని మాట్లాడే పనిలోకి దిగాడు. ఆయన కోరిక మీదనే 1874లో కెనడా బాప్టిస్టు మిషనువారు కాకినాడ వచ్చారు. ఆ మిషనువారే తరవాత రామచంద్రపురంలో కుష్ఠురోగులకు ఆశ్రయం నడిపారు. ఎవరూ దగ్గిరికి రాని మనిషి పక్కన కూచోవటమే వాళ్ళు చేసిన పెద్ద పని. పక్కన కూచున్న మనిషి వంక చూడటం ఈనాడు మన ఇళ్ళలో కూడా పని అయిపోయింది!

ఆ ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఒక కాగితం రాశారు. దాన్ని అమ్మకు చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకనే గోడకు అంటించారు. అందులో ఇలా ఉన్నది:

ఒకటి: భోజనం దగ్గిరా, ప్రార్థన దగ్గిరా ఫోన్లన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉండాలి. మామ్మ కోసం పెద్ద అక్షరాల బైబిలు కొనాలి.

రెండు: రాత్రి తొమ్మిదికి ఫోన్లు ముందు గదిలో చార్జింగుకు పెట్టాలి. పక్క దగ్గిరికి తేకూడదు. సగం బ్యాటరీ ఎప్పుడూ అమ్మ వాటా.

మూడు: ఆటలూ వీడియోలూ రోజుకు ఒక గంట. బడి వాళ్ళు పంపిన పాఠం ఇందులో లెక్క కాదు.

నాలుగు: ఆదివారం పొద్దు కుంకే దాకా ఫోను అమ్మకూ, ఆపదకూ మాత్రమే.

అయిదు: తప్పినవాళ్ళు మర్నాడు పెరట్లోని కొబ్బరిచెట్లన్నిటికీ నీళ్ళు పోయాలి. పెద్దలకు మినహాయింపు లేదు.

అమ్మ ఇంకొక మార్పు చెప్పింది. కువైట్‌లో గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఆమె పని ముగిసేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. పిల్లల నిద్ర చెడకుండా, ఇకమీదట తానే తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పిలుస్తానన్నది. అప్పుడు మనకు ఏడు గంటలవుతుంది. పిల్లలిద్దరూ జడలూ, టిఫినూ అమ్మతో మాట్లాడుతూనే ముగించుకోవచ్చు. హద్దు పెట్టుకోవటంలో అందరికంటె ఎక్కువ వదులుకున్నది ఆ తల్లే.

ఈ ఏర్పాటు ఒక్క రోజులో కుదిరిపోయిందనుకోకండి. మొదటి వారం కొబ్బరిచెట్లకు మూడుసార్లు నీళ్ళు పడ్డాయి. అందులో రెండుసార్లు పోసినది నాన్న! పక్కింటి పిల్లలు కొత్త ఆట గురించి చెప్పుకుంటుంటే కుర్రవాడికి మనసు లాగుతూనే ఉన్నది. కాని ప్రార్థనలో చెల్లెలు ఇప్పుడు కన్ను తెరిచి చూడటం లేదు. చూడటానికి ఏమీ లేదు మరి.

మీరూ ఒక పని చేసి చూడండి. ఒక వారం పాటు నోటుపుస్తకంలో రోజూ మూడు సంగతులు రాయండి: ఫోను ఎందుకు తీశారు, ఎంతసేపు చూద్దామనుకున్నారు, ఎంతసేపు చూశారు. ఏడో రోజున ఆ కాగితం ఇంట్లో అందరికీ చూపించి, పెద్దవాళ్ళను కూడా తమ లెక్క చెప్పమనండి. మీ ఇంటికి లాకు ఎక్కడ కట్టాలో ఆ లెక్కే చెబుతుంది. తలుపు దించటం కష్టమనిపిస్తే, ఇద్దరు పట్టుకుంటే తేలికవుతుంది.