మాటలేని మొఱ

దేహమునకు గాయమైనచో రక్తము కారును. చూచినవారు పరుగున వచ్చి కట్టు కట్టుదురు. మనస్సునకు తగిలిన గాయము అట్లు కంటికి కనబడదు. అట్టి గాయములలో మిక్కిలి దారుణమైనది పిల్లలపై జరుగు లైంగిక వేధింపు. దీనిని గూర్చి మాటలాడుటకు పెద్దలు సంకోచింతురు. ఆ మౌనమే నేరస్థునకు అండ యగుచున్నది. కావున బాలబాలికలారా! శ్రద్ధగా చదువుడు.

పిల్లల శరీరమున దుస్తులచే కప్పుకొనదగిన భాగములను దురుద్దేశముతో తాకుట, తన్ను తాకుమని బలవంతపెట్టుట, అసభ్యమైన బొమ్మలు చూపుట, ఫోనులో అట్టి ఫోటోలు పంపుమని అడుగుట, ఇవన్నియు నేరములే. తల్లిదండ్రుల సమక్షమున వైద్యుడు పరీక్షించుట వేఱు. "ఇది మన యిద్దఱి మధ్య రహస్యము, ఎవరికిని చెప్పకుము" అని చాటున చేయు పని వేఱు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న కాలమున ఏడవ తరగతిలో ఒక బాలుడుండెను. లెక్కలలో వానికి సాటి లేరు. దసరా సెలవుల తరువాత వాడు మాఱిపోయెను. తరగతిలో కునుకు తీయును, పేరు పెట్టి పిలిచిన ఉలికిపడును, బంతియాటకు రాడు, సాయంకాలము బడి విడిచినను ఇంటికి కదలడు. సోమరి యైనాడని తలచి నేను వానిని బల్ల యెక్కించి నిలువబెట్టితిని. కొన్నాళ్లకు వాడు తెలుగు పంతులమ్మగారికి ఏడ్చుచు చెప్పిన సంగతి విని సిగ్గుతో తల వంచుకొంటిని. వారి యింటనే యున్న బంధువొకడు రాత్రులయందు వానిని వేధించుచు, "చెప్పితివా, నీ తల్లిని చంపుదును" అని బెదరించుచుండెను. ఆ కునుకు, ఆ ఉలికిపాటు, ఇల్లు చేరుటకు ఆ జంకు, అవియే వాని మొఱ. అది నాకు వినబడలేదు.

ఇట్టి పిల్లలలో కొందఱు ఒకానొక వ్యక్తిని చూచి భయపడుదురు. కొందఱికి నిద్రయు ఆకలియు తగ్గును. కారణము లేని కడుపునొప్పి, తలనొప్పి వచ్చును. చిన్నపిల్లలు మానివేసిన పక్క తడుపు అలవాటు మరల కనబడవచ్చును. కొందఱు అకారణముగా కోపింతురు. కొందఱు తమ్ము తామే గాయపఱచుకొందురు. అయితే ఈ గుర్తులకు వ్యాధియో, ఇంటి కలహమో, పరీక్షల భయమో కూడ కారణము కావచ్చును; కొందఱిలో ఏ గుర్తును కనబడకపోవచ్చును. కావున తొందరపడి నిశ్చయింపక మెల్లగా అడిగి తెలిసికొనవలెను. సాయము అందనిచో దిగులు, అపనమ్మకము, తనపై తనకే ఏవగింపు పెద్దయైన పిదపయు వెంటాడవచ్చును. ఆదరణయు చికిత్సయు లభించినవారు కోలుకొందురు.

2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో జరిపిన పరిశీలన నివేదికను ప్రకటించెను. ప్రశ్నింపబడిన పిల్లలలో సగమునకు పైగా ఏదో యొక రూపమున ఇట్టి వేధింపునకు గుఱియైనట్లు చెప్పిరి. వారిలో బాలికలతో సమానముగా బాలురును ఉండిరి. పెక్కుమంది అంతవఱకు ఎవరికిని చెప్పుకొననేలేదు.

2012 నవంబరు 14వ తేదీన పోక్సో చట్టము అమలులోనికి వచ్చినది. 18 ఏండ్ల లోపు బాలబాలికల కెల్లరకు ఇది రక్షణ. నేరము సంగతి తెలిసిన పెద్దలు పోలీసులకు తెలుపవలసినదే, దాచుట శిక్షార్హము. పోలీసు అధికారి యూనిఫారము లేకుండ వచ్చి, బిడ్డ యింటనో, బిడ్డ కోరిన చోటనో వాఙ్మూలము వ్రాసికొనవలెను. బిడ్డ పేరు పత్రికలలో ప్రకటింపరాదు. 1098 అను నంబరునకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును.

మీలో ఎవరికైన ఇట్టి ఆపద కలిగినచో, తప్పు మీది కాదని మొదట గ్రహింపుడు. దొంగ దూరిన యింటివానిని ఎవరైన దొంగ యందురా? నమ్మిన పెద్దలకు చెప్పుడు. ఒకరు వినకున్న మఱియొకరికి, వారును వినకున్న వేఱొకరికి, వినువారు దొరకు వఱకు చెప్పుడు. స్నేహితుడు మీకు చెప్పినచో నమ్ముడు. నలుగురిలో చాటక, వెంట నుండి పెద్దలయొద్దకు తీసికొనిపొండు.

ఆ బాలుడు మరుసటి యేడు మరల బంతియాటకు వచ్చెను. పంతులమ్మగారు చేరబిలిచి, "ఏమైనది నాయనా?" అని ఓర్పుతో అడిగిన ఒక్క ప్రశ్న వానిని కాపాడెను.